కరువు గింజలో రెండో గీత

హైదరాబాద్,
12 ఫిబ్రవరి 2003

ఆరీఫా,

ముందు తిట్టుకోనివ్వు, క్షేమసమాచారాలు తర్వాత. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాడొకడు, నాది అనంతపురం జిల్లా అని తెలిసి, "అక్కడేం పండుతుంది మేడమ్, రాళ్ళా?" అన్నాడు. అందరూ నవ్వారు. మధ్యాహ్నం క్యాంటీన్లో అదే మనిషి ఇడ్లీని శనక్కాయ చట్నీలో ముంచుకుని తింటూ కనిపించాడు. ప్లేటు లాక్కుందామా అనిపించింది. ఆ కోపం ఎలాంటిదో ఈ ఊళ్ళో ఎవరికీ అర్థం కాదు, నీకే అర్థమవుతుంది.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. కాయలొలిచే మీ మిల్లులో ఫోను మీ నాయన పక్కనే ఉంటుంది, మామ ముందు ఏం మాట్లాడతాం? మిషను మోతలో నువ్వు "ఆఁ? ఏందీ?" అంటూ ఉంటే ఇక్కడ ఎస్టీడీ బూతులో మీటరు తిరుగుతూ ఉంటుంది. తాడిపత్రి కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చుని చీటీలు రాసుకున్నవాళ్ళం. మనకు రాతే కుదురుతుంది.

ఇక పని విషయం. నా పరిశోధన శనక్కాయ మీదేనని చెప్పాను కదా. గింజలో నూనె కంటికి కనపడనంత చిన్న చుక్కలుగా ఉంటుంది. ఆ చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా ఒక్కోదాని చుట్టూ ప్రోటీన్ల పొర ఉంటుంది. ఆ పొరలో కాలియోసిన్ అని ఒకటుంది. దాని గుణం కాల్షియంను పట్టుకోవడం. పూత మీద ఉన్నప్పుడు మన వాళ్ళు చేనుకు జిప్సం చల్లేది కాల్షియం కోసమే, లేకపోతే కాయ గింజ పట్టక లొట్ట పోతుంది. ఆ కాల్షియంతో గింజ లోపల పని చేసేవాటిలో ఇదొకటి. కరువులో కాసిన గింజలో ఈ కాలియోసిన్ ఎలా ఉంటుందో చూడాలన్నది నా పని.

పోయిన ఏడాది కరువు మనకు కొత్తగా చెప్పాలా? ఆ పంట గింజలు మీ మిల్లులోంచి ఒక మూట పంపు. మామకు నమస్కారాలు, అమ్మకు కూడా.

పద్మ


యాడికి,
27 ఫిబ్రవరి

పద్మా,

రాళ్ళా అన్నవాడి చిరునామా పంపు. ఒక గోతాం రాళ్ళు పార్శిల్ చేస్తాను, చట్నీ చేసుకోమను.

మూట బస్సులో పంపుతున్నాను. డ్రైవరు మాకు తెలిసినవాడే, భద్రంగా దించుతాడు. నాయనకు చూపు మందగించింది. మిల్లు పని ఇప్పుడు పూర్తిగా నాదే. "ఆడపిల్ల మిషను కాడ కూసుంటే కాయలు తెచ్చేదెవురు?" అన్న పెద్దమనుషులే ఇప్పుడు బండ్లు కట్టుకుని నా గేటు ముందు వరసలో నిలబడుతున్నారు. నేను కావాలనే కాస్త ఆలస్యంగా గేటు తీస్తాను.

ఇంకో సంగతి. రైతులకు ప్రభుత్వం రాయితీ మీద ఇచ్చే విత్తనం సరఫరా చేసే కాంట్రాక్టరు ముత్యాలప్ప ఉన్నాడు కదా. ఈసారి మీ బెళుగుప్ప వైపు పోయే విత్తనమంతా మా మిల్లులో ఒలిపిస్తానన్నాడు. మాకు ఇంత పెద్ద పని ఎప్పుడూ రాలేదు. షరతు ఒకటే. "గింజ పగలకూడదమ్మా. బద్దలు కనపడితే లారీ ఎనక్కొస్తాది" అన్నాడు. నా దగ్గరా ఆ మాట? ముందురోజు సాయంత్రం కాయల కుప్ప మీద బకెట్లతో నీళ్ళు చల్లించి, గోతాలు కప్పించి, పొద్దున మిషన్లో వేయిస్తాను. ఎండుకాయ అయితే పటపటా పగిలి బద్దలవుతుంది. తడి పట్టిన కాయ గింజను చెక్కు చెదరకుండా వదిలేస్తుంది. నీకు పంపినవి పోసి చూడు, ముత్యాలే.

అమ్మ నీకు తినడానికని అదే కుప్పలోంచి కాయలు తీసి, చేత్తో ఒలిచి, చిన్న మూట విడిగా కట్టింది. మిషను గింజకు రుచి ఉండదట. మిల్లు పెట్టుకున్న ఇంట్లో ఆ మాట అంటుంది చూడు.

ఆరీఫా


హైదరాబాద్,
25 మార్చి

ఆరీఫా, నా బంగారమా,

మీ గింజలు నన్ను నిలబెట్టాయి!

గింజలోని నూనె చుక్కల పొరను విడదీసి, అందులోని ప్రోటీన్లను ఒక జెల్లీ పలక మీద కరెంటు పెట్టి పరుగెత్తిస్తాం. బరువైనవి పైన, తేలికైనవి కింద ఆగి గీతలు పడతాయి. కాల్షియం కలిపితే కాలియోసిన్ మామూలుకంటే కిందికి దిగుతుంది. దాన్ని అలాగే గుర్తుపడతాం. నీళ్ళ కింద పండిన గింజల్లో ఒక్కటే గీత వస్తుంది. మీ గింజల్లో రెండు వచ్చాయి. ఆ రెండోది కూడా కాల్షియం కలపగానే కదిలింది.

మా సారు కుర్చీలోంచి లేచి వచ్చి చూశాడు. ఆయన నా బల్ల దగ్గరికి రావడం ఇదే మొదటిసారి. కరువును తట్టుకోవడానికి గింజ సొంతంగా తయారుచేసుకున్న కొత్త కాలియోసిన్ అన్నాడు. పేరు కూడా అప్పుడే పెట్టేశాడు, కరువు ప్రోటీన్ అని. జులైలో పెద్ద సదస్సు ఉంది, అక్కడ చదువుతాం. రాళ్ళు పండుతాయా అన్నవాడు ఇప్పుడు నా పలకలు కడిగి పెడుతున్నాడు.

మామకు చదివి వినిపించు. ఆయన మిల్లు గింజ పేరు దేశమంతా తెలుస్తుంది.

పద్మ


యాడికి,
14 ఏప్రిల్

శాస్త్రవేత్త గారూ,

నీ ఉత్తరం నాయనకు చదివాను. మళ్ళీ చదవమన్నాడు. తర్వాత జేబులో పెట్టుకుని టీ కొట్టుకు పోయి అక్కడ చదివించాడు. "మా మిల్లు గింజకు హైదరాబాదులో పేరొచ్చినాది. మన కరువు గింజలో ఇంగొకరి గింజలో లేనిదేందో ఉండాదంట" అని ఊరంతా చెప్పుకొచ్చాడు. ఆయన నవ్వగా చూసి చాలా రోజులైంది.

ముత్యాలప్ప ఊరుకుంటాడా? అచ్చు కాగితాలు వేయించాడు. "హైదరాబాద్ శాస్త్రవేత్తలు నిరూపించిన కరువును తట్టుకునే విత్తనం. కనిపెట్టినది మన బెళుగుప్ప ఆడబిడ్డ పద్మప్రియ." ప్రతి గోతానికి ఒకటి అంటిస్తున్నారు. నీ పేరు చూస్తే నాకు భలే ముచ్చటగా ఉంది. మీ ఓబుళేసన్న వచ్చి మొత్తం చేనుకు సరిపడా విత్తనానికి పేరు రాయించుకుని పోయాడు. "మా చెల్లెలు కనిపెట్టిన గింజ, ఎవురికి దొరక్కపోయినా నాకు దొరకాల" అన్నాడంట. బెళుగుప్ప చుట్టుపక్కల అందరూ అదే కావాలంటున్నారు.

సదస్సులో చదివేటప్పుడు పట్టుచీర కట్టుకో.

ఆరీఫా


హైదరాబాద్,
29 ఏప్రిల్

ఆరీఫా,

ఆ అచ్చు కాగితం ఆపించు. నేను ఏ విత్తనమూ కనిపెట్టలేదు. ఒక గీత చూశాను, అంతే. దానికీ చేనులో పంటకూ మధ్య ఇంకా చాలా తెలియాలి.

ఒక్కటి అడుగుతాను. అమ్మ చేత్తో ఒలిచి ఇచ్చిన మూట, మిల్లు మూట, రెండూ ఒకే కుప్పవేనా? ఒకే చేనువేనా? రెంటికీ మధ్య ఏమైనా తేడా ఉందా? బాగా ఆలోచించి రాయి.

పద్మ


యాడికి,
7 మే

పద్మా,

ఏమిటి ఈ పోలీసు ప్రశ్నలు? ఒకే కుప్ప. ఒకే చేను, శింగనమల నుంచి వచ్చిన కాయలు. తేడా ఏమీ లేదు. ఒకటి చేత్తో ఒలిచింది, ఒకటి మిషన్లో ఒలిచింది. రెండు ముక్కలు రాసి పంపావు, క్షేమమా అని కూడా అడగలేదు. ఏదో దాస్తున్నావు. కాలేజీలో ఫెయిలైన సబ్జెక్టు దాచినప్పుడు కూడా ఇలాగే పొడిపొడిగా మాట్లాడావు. ఏముందో సూటిగా రాయి.

కాగితం ఆపమని ముత్యాలప్పకు చెప్పాను. "పేరొస్తాంటే వద్దనేవాళ్ళని నిన్నే సూస్తాండా" అని నవ్వాడు.

ఆరీఫా


హైదరాబాద్,
27 మే

ఆరీఫా,

సూటిగానే రాస్తున్నాను.

మీ మిల్లు మూట సారు బీరువాలో ఉంటుంది. ఏప్రిల్‌లో ఒకరోజు తాళం ఆయన దగ్గర ఉండిపోయి, పని ఆగిపోతుందని అమ్మ పంపిన గింజలు వాడాను. రెండో గీత పడలేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ లేదు. అదే కుప్ప, అదే కరువు. సారుకు చూపిస్తే, "అవి ఇంట్లో తినే గింజలమ్మా, శాంపిల్ కిందికి రావు. పక్కన పెట్టు" అన్నాడు. ఇంట్లో తినేవాటికి కరువు తగలదా? అడిగాను. ఆయన టీ తెమ్మని అటెండరును పిలిచాడు.

నువ్వు తేడా లేదన్నావు, నేనూ నమ్మాను. తర్వాత ఒకరోజు భోజనం దగ్గర మా కేరళ స్నేహితురాలు, శనక్కాయ చేను ఎలా ఉంటుందో కూడా తెలియని పిల్ల, మిషన్లో పడి గింజ పగలకుండా ఎలా వస్తుందని అడిగింది. "ముందురోజు తడుపుతారు కదా" అన్నాను. అన్నాక చెయ్యి కడుక్కుని పోయి నీ పాత ఉత్తరాలు తీశాను. ఆ సంగతి నువ్వు ఫిబ్రవరిలోనే రాశావు, అమ్మ చేత్తో ఒలిచినవాటికి ఆ తడి తగల్లేదు. నేను చదివి "ముత్యాలే" అన్న నీ మాటకు నవ్వుకున్నాను. పుట్టినప్పటినుంచి చూస్తున్న పని కావడం వల్ల అది మనిద్దరి కంటికీ ఆనలేదు.

మిల్లు గింజలను చీల్చి లెన్సు కింద పెట్టాను. బద్దల మధ్య పసుపూ పచ్చా కలిసిన బూజు. ఆ బూజును ఒక్కదాన్నే సీసాలో పెంచాను, శనక్కాయ ముక్క కూడా తగలకుండా. దాని ప్రోటీన్లు పలక మీద పరుగెత్తించాను. రెండో గీత సరిగ్గా అక్కడే పడింది. కాల్షియం కలపగానే కదిలింది. బూజు కూడా నూనె చుక్కలు దాచుకుంటుంది, దానికీ కాలియోసిన్ ఉంటుంది. మొక్కల్లోనూ బూజుల్లోనూ ఈ ప్రోటీన్ ఉంటుందని చదివి పరీక్ష రాసినదాన్ని నేను. ఇంత చదివి ఏం లాభం?

అది కరువు వేసిన గీత కాదు ఆరీఫా. నీళ్ళ బకెట్ వేసిన గీత.

ఈ బూజు విషాన్ని తయారుచేస్తుంది, తిన్నవాళ్ళ కాలేయం పాడవుతుంది. తడిసి, గోతాల్లో మగ్గి, మే నెల ఎండకు ఉడికిన గింజను నేలలో వేస్తే మొలిచేలోపే కుళ్ళుతుంది. ముంగారు తొలకరిలో మా అన్నకు విత్తడానికి నేల పదునయ్యే వాన ఒక్కటి వస్తే గొప్ప. ఆ పదునుకు వేసిన గింజ మొలవకపోతే ఆ ఏడాదికి చేను బీడే. బెళుగుప్పకు పోయే లారీ ఆపు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

పద్మ


యాడికి,
1 జూన్

పద్మప్రియ గారికి,

యాడికిలో కాయలు ఒలుచుకుని బతికే ఆరీఫా నమస్కారాలు. మీరు మార్చిలో మా గింజ బంగారమన్నారు. మే నెలాఖరుకు విషమంటున్నారు. మధ్యలో గింజ మారలేదు. మా కుప్పా మారలేదు. మీ పలక మారింది.

ఈ మర్యాదలు నాకు ఎక్కువసేపు చేతకావు. పద్మా, ఒళ్ళు మండిపోతోంది. యాడికిలో కాయలు తడపని మిల్లు ఒక్కటి చూపించు. తడపకపోతే గింజ పగులుతుంది, పగిలితే లారీ వెనక్కి వస్తుంది. గింజ పగలకూడదని నియమం పెట్టినవాడు ఎక్కడో ఫ్యాను కింద కూర్చున్నాడు. ఆయనను అడగవు. పాపమంతా తెచ్చి నా బకెట్‌లో వేస్తావు. మీ చౌడమ్మ వదిన వేళ్ళు నొప్పి పుట్టకుండా తడిపి ఒలవదా? అవి నువ్వు తినలేదా?

నీ ఉత్తరం నాయనకు చదవనన్నాను. పట్టుబట్టి చదివించుకున్నాడు. "ఇన్నేండ్లు నేను అమ్మింది బూజు గింజలా? ఇంగ నలుగురిలో నా మొగం ఎట్ల సూపించేది?" అన్నాడు. మొన్న నవ్వించింది నువ్వే, ఈరోజు ఇలా చేసిందీ నువ్వే. ఆయన టీ కొట్టుకు పోవడం మానేశాడు.

మా మిల్లుకు ఇన్నాళ్ళకు ఒక పెద్ద పని వచ్చింది. లారీ ఆపను. ఇక ఉత్తరాలు రాయొద్దు.

ఆరీఫా


హైదరాబాద్,
5 జూన్

ఆరీఫా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. నీ కోపంలో సగం న్యాయం. గింజ పగలకూడదన్నవాడిని నేనూ వదలను. మిగతా సగం నేను ఒప్పుకోను.

బెళుగుప్ప ఎస్టీడీ బూతుకు పిలిపించి అన్నతో మాట్లాడాను. ఆ గింజ విత్తొద్దన్నాను. ఏమన్నాడో తెలుసా? "నీ మాట మీదనే రాయించుకుంటి. ఇప్పుడు వద్దంటాండావు. నీ మాటల్లో యా మాటను నమ్మి ఇత్తమంటావు?" అన్నాడు. ఫోను పెట్టేశాడు. నా అన్న నాతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. బూతులోంచి బయటికి వచ్చి రోడ్డు మీద నిలబడి ఏడ్చాను.

నువ్వు నా మాట నమ్మకు. మా సారు మాట అసలే నమ్మకు. మిల్లు గింజలు గుప్పెడు తీసుకో. అమ్మను కొన్ని ఎండు కాయలు చేత్తో ఒలిచి ఇవ్వమను. రెంటినీ విడివిడిగా తడి గోనె ముక్కల్లో చుట్టి నీడలో పెట్టు. నాలుగైదు రోజులు పోయాక విప్పి చూడు. అప్పటికీ లారీ పంపాలనిపిస్తే పంపుకో.

పద్మ


యాడికి,
13 జూన్

పద్మా,

నువ్వు అబద్ధమని చూపించడానికే గోనెల్లో చుట్టాను. ఈరోజు విప్పాను.

అమ్మ ఒలిచినవి తెల్లటి మొలకలు వేసి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. మిల్లువి సగానికి పైగా మెత్తబడి పచ్చగా బూజెక్కాయి. నాయన వేళ్ళతో తడిమాడు, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇది మన గింజేనా?" అన్నాడు. మనదే నాయనా అన్నాను. గోనె ముక్క మడిచి నా చేతికిచ్చి, "గేటుకు బీగం ఎయ్యి" అన్నాడు.

మొదటి లారీ నీ గోనె ఉత్తరం రాకముందే బెళుగుప్పకు పోయింది. మీ అన్నకు అందులోంచే ఇచ్చారు. రెండో లారీ ఆవరణలో నిలబడి ఉంది. తాళం వేశాను. ముత్యాలప్ప జీపు వేసుకుని వచ్చాడు. కుళ్ళిన గింజలు ఆయన చేతిలో పెట్టాను. చూసి కింద పారబోశాడు. "గింజ పగలకూడదని రాసినారు, పగల్లేదు. మొలవాలని యాడ రాసినారు? సూపించు" అన్నాడు. పద్మా, విత్తనం గురించి, మొలవాలని ఎక్కడ రాశారో చూపించమన్నాడు! ఆ తర్వాత నేను తిట్టిన తిట్లు ఆయన జీపు ఎక్కేవరకు ఆగలేదు. వీధంతా వింది.

ఒలవని కాయలన్నీ తిరిగి తీసుకుపోయి ఇంకో మిల్లుకు వేశాడు. అక్కడా తడుపుతారు. ఎవరిని ఆపను?

నేను సొంతంగా కొన్న ఎండు కాయలు షెడ్డులో ఉన్నాయి. వాటిని ఒలవకుండా కాయల్లాగే బెళుగుప్పకు తీసుకుపోతున్నాను. ఇంట్లో చేత్తో ఒలుచుకుని విత్తుకోమని చెబుతాను. నాయనే టెంపో మాట్లాడాడు.

నీ మీద కోపం పోలేదు. ఆ మార్చి ఉత్తరం అంత సంబరంగా రాయకుండా ఉండాల్సింది.

ఆరీఫా


హైదరాబాద్,
18 జూన్

ఆరీఫా,

ఆ కోపం ఉంచుకో, నాకు అది తగినదే.

సారు దగ్గరికి బూజు పలక, అమ్మ గింజల పలక, మిల్లు గింజల పలక మూడూ తీసుకుపోయాను. చాలాసేపు చూశాడు. ఆయనకు అర్థం కాలేదని అనుకోకు, ముఖం చూస్తేనే తెలిసింది. "బూజు సంగతి వచ్చే ఏడాది విడిగా చూద్దాం. సదస్సుకు సారాంశం పంపేశాను కదా" అన్నాడు. ఇది తప్పు, నా పేరుతో పోకూడదు అన్నాను. "సరే, నీ పేరు తీసేస్తాను" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో! నా పేరు తీసేశాడు, గీతను మాత్రం ఉంచుకున్నాడు.

ఆయన దగ్గర ఇక నాకు పని లేదు. బూజు అంటే అసహ్యించుకోని మేడమ్ ఒకామె ఇంకో విభాగంలో ఉంది. చేర్చుకుంటుందో లేదో ఆగస్టులో తెలుస్తుంది. పెట్టె సర్దుకుని ఊరికి వస్తున్నాను. మన కరువును చూసి జాలిపడేవాళ్ళను చూశాను, నవ్వేవాళ్ళను చూశాను. దాని మీద పేపర్లు రాసుకునేవాళ్ళను ఇప్పుడు చూస్తున్నాను.

పద్మ


బెళుగుప్ప,
29 జూన్

పద్మా,

నువ్వు ఇంకా హాస్టల్లోనే ఉన్నావని వదిన చెప్పింది, అందుకే అక్కడికే రాస్తున్నాను. మీ ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను.

మొదటి రెండు రోజులు ఎవరూ కాయలు తీసుకోలేదు. అచ్చు కాగితం అంటించిన గోతాం ఉండగా ఈ పొట్టు కాయలు ఎవరికి కావాలి? పైగా ముత్యాలప్ప మనిషి ఊరికి వచ్చి, పని పోయిందన్న కడుపుమంటతో నేను పుకార్లు పుట్టిస్తున్నానని చెప్పి పోయాడు. మీ అరుగు మీదే రెండు రకాల గింజలకూ తడి గోనె చుట్టి పెట్టాను. విప్పాక ముందు వదిన కాయలు తీసుకుంది. ఆ తర్వాత ఆ వీధి ఆడవాళ్ళు కొందరు. వేళ్ళకు గుడ్డ పీలికలు చుట్టుకుని ఒలిచారు. ఎవరైనా నీళ్ళ చెంబు దగ్గరికి తెస్తే వదిన తిట్టింది. పని తెమలక కొందరు మధ్యలోనే మానేసి గోతాం గింజలే విత్తారు. వాళ్ళను నేనేమీ అనలేకపోయాను.

మంగళవారం వాన పడింది, మంచి పదును. మీ అన్న విత్తడానికి గొర్రు కట్టాడు. వదిన ఒలిచినవి చేనంతటికీ సరిపోతాయి. అయినా అచ్చు కాగితం ఉన్న గోతాం కూడా బండిలో వేసుకున్నాడు. వద్దని బతిమాలాను. "నీ మాట, ముత్యాలప్ప మాట, రెండూ మా చెల్లెలి పేరు మీదనే వచ్చినాయి. ఒగ పక్క వానిది ఇత్తుతా, ఒగ పక్క నీది ఇత్తుతా. నాకు ఎవురూ ఏమీ చెప్పద్దండి" అన్నాడు. అది మొండితనం పద్మా. సగం చేను పోతుందని తెలిసి కూడా కోపంతో విత్తాడు. ఆ కోపం నీ మీద ఎక్కువో, నా మీద ఎక్కువో తెలియలేదు. గొర్రు వెనక వదిన ఏడుస్తూ గింజలు వదిలింది.

నేను రేపు యాడికి పోతాను. నువ్వు వచ్చి చూడు.

ఆరీఫా


బెళుగుప్ప,
24 జులై

ఆరీఫా,

నీ ఉత్తరం అందిన వారానికి వచ్చాను. అన్న నాతో మాట్లాడలేదు. చేను దగ్గరికి మాత్రం తీసుకుపోయాడు.

నీ కాయల వైపు సాళ్ళు నిండుగా, పచ్చగా ఉన్నాయి. అచ్చు కాగితం వైపు అక్కడొక మొక్క, అక్కడొక మొక్క. మిగతాదంతా ఎర్రమన్ను. నేల తవ్వితే కుళ్ళిన గింజలు వేళ్ళకు అంటుకున్నాయి. సగం చేను ఆరీఫా, ఈ ఏడాదికి బీడు. ఊళ్ళో గోతాం గింజలే నమ్ముకున్నవాళ్ళకు మొత్తం పోయింది. నా పేరున్న ఆ కాగితం ఒకటి మా గోడకు ఇంకా అంటించి ఉంది. నేను గోళ్ళతో గీరి పారేశాను.

నిన్న పంట నష్టం రాసుకోవడానికి వ్యవసాయ శాఖ నుంచి ఒకాయన వచ్చాడు. వెంట ముత్యాలప్ప. ఇద్దరూ గట్టు మీదే నిలబడ్డారు, చేనులోకి దిగలేదు. నేను మొత్తం చెప్పాను. తడపడం, బూజు, నూనె చుక్క, కాల్షియం, రెండో గీత, అన్నీ. ఆయన ఓపికగా విని, "మీరు చదువుకున్నవాళ్ళు మేడమ్, నేను కాదనను. కానీ వాన తక్కువ పడింది. ఈ జిల్లాలో వాన లేనిదే విత్తనం ఏం చేస్తుంది? కరువు అని రాస్తున్నాను" అన్నాడు. ముత్యాలప్ప, "అంతే సార్, కరువు" అన్నాడు. మా సారు కూడా అదే మాట అన్నాడు కదా. అందరికీ ఆ ఒక్క మాట చాలు.

అప్పుడు అన్న వచ్చి ఆ అధికారి మోచెయ్యి పట్టుకుని, చెప్పులతోనే చేను మధ్యకు నడిపించుకుపోయాడు. ఒక పక్క పచ్చటి సాళ్ళు, ఒక పక్క ఎర్రమన్ను, మధ్యలో ఆయన. నేనూ వెంట పరుగెత్తాను.

"ఈ చేను నాదే, ఆ చేను నాదే. ఒగటే గొర్రు, ఒగటే పొద్దు ఇత్తినా" అన్నాడు అన్న. పచ్చటి వైపు చెయ్యి చూపించాడు. "కరువు అంటాండావు కదప్పా. ఈ పక్కన ఇంగో వాన పడిందా?"

ఆయన రాయడం ఆపాడు.

పద్మ